సంక్రాంతి వస్తోందని ప్లాన్‌కి ఎవరూ చెప్పరు

జనవరి రెండో వారంలో హైదరాబాద్‌లో ఏ ఐటీ ఆఫీసులోనైనా ప్రాజెక్ట్ ప్లాన్ తెరిపించి చూడండి. చాలాచోట్ల పండగ వారంలో కూడా అందరి పేర్ల మీదా రోజుకు 8 గంటల పని నిండుగా కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఆ టీమ్‌లో సగం మంది విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర క్యూలో ఉంటారు. వాళ్లు ఊరెళ్తున్నారని మేనేజర్‌కు తెలుసు, పక్క సీటు వాళ్లకు తెలుసు, క్యాంటీన్‌లో టీ పోసే అతనికీ తెలుసు. తెలియనిది ప్లాన్‌కు మాత్రమే. నెలాఖరున డెలివరీ జారితే ‘ఎస్టిమేషన్ తప్పింది’ అని రాసుకుంటారు. నిజానికి ఎస్టిమేషన్ తప్పలేదు. ఆ పనికి 40 గంటలు పడుతుందని చెప్పినవాళ్లు సరిగ్గానే చెప్పారు. ఆ 40 గంటలు ఆ వారంలో ఎవరి దగ్గరున్నాయో ఎవరూ చూడలేదు, అంతే.

సెలవులూ, ప్రాజెక్టుతో సంబంధం లేని పనులూ ప్లాన్‌లో ముందుగానే కనబడాలన్నది నా వాదన. అయిపోయాక టైమ్‌షీట్‌లో నమోదు చేసుకుంటే ఫైనాన్స్ వాళ్లకు పనికొస్తుందేమోగాని, ప్రాజెక్టుకు ఒరిగేదేమీ లేదు. ఇంకోటి, ఈ రెండింటినీ ‘నాన్-ప్రాజెక్ట్’ అని ఒకే పద్దు కింద రాసే అలవాటు పోవాలి. మనిషి ఆఫీసులో లేకపోవడం వేరు, ఉండి వేరే పని చేయడం వేరు.

ముందు లెక్క చూద్దాం. ఏడాదికి 52 వారాలు, వారానికి 40 గంటలు, మొత్తం 2080. ప్రాజెక్టు దక్కించుకోవడానికి వేసే బిడ్‌ల కోసం తయారయ్యే ఎక్సెల్ షీట్లలో ఈ సంఖ్య ఏదో ఒక మూల కనబడుతూనే ఉంటుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వమైతే ఏడాది జీతాన్ని 2087తో భాగించి గంట జీతం తీస్తుంది, ఏడాదంటే 52 వారాల మీద ఒకటో రెండో రోజులు ఎక్కువుంటాయి కాబట్టి. కానీ అది జీతం లెక్క. పనికి దొరికే గంటల లెక్క దానికి చాలా కింద ఉంటుంది. యూరోపియన్ యూనియన్ తన హొరైజన్ 2020 పరిశోధన నిధుల్లో ఒక పూర్తికాలపు ఉద్యోగికి ఏడాదికి 1720 ఉత్పాదక గంటలని లెక్క కట్టుకునే వీలు పెట్టింది. తర్వాత వచ్చిన హొరైజన్ యూరప్‌లో 215 రోజులన్నారు. 215ని 8తో గుణించినా వచ్చేది 1720. అంటే 2080కి 360 గంటలు తక్కువ, 45 పనిదినాలు, తొమ్మిది వారాలు. పైసా పైసాకూ ఆడిట్ ఉండే చోట ఒక ప్రభుత్వ వ్యవస్థ ‘మనిషి ఏడాదికి ఇంతే దొరుకుతాడు’ అని కాగితం మీద ఒప్పుకుంది. మన ప్లాన్‌లు మాత్రం ఆ తొమ్మిది వారాలూ ఉన్నట్టే నడుస్తాయి.

మన దగ్గర సెలవులు తక్కువని ఎవరైనా అంటారేమో. 1988 నాటి మన షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టమే ఏడాదిలో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి 15 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలంది. దాని మీద క్యాజువల్ లీవులు, జాతీయ సెలవులు, పండగ సెలవులు. అన్నీ కలిపితే నెల పనిదినాలకు పైమాటే.

ఇదే లెక్కను ఒక స్ప్రింట్‌కు, అంటే టీమ్ ఒక విడతగా పెట్టుకునే కొద్ది వారాల పనికి, వేసి చూడండి. ఏడుగురున్న టీమ్, రెండు వారాలు, 70 మనిషి-రోజులు, 560 గంటలు. మధ్యలో సంక్రాంతి. ఆఫీసు సెలవు ఒకరోజు, అంటే 7 పోయాయి. నలుగురు ఊరికి తలా మూడు రోజులు అదనంగా వేసుకుని వెళ్తారు, 12 పోయాయి. మిగిలింది 51. ఈ 51 రోజుల్లోనూ రోజువారీ స్టాండప్ మీటింగ్, క్లయింట్ కాల్, ఇంటర్వ్యూలు, ఇప్పటికే వాడుకలో ఉన్న సిస్టమ్‌లో వచ్చే సమస్యల (ప్రొడక్షన్) టికెట్లు పోను రోజుకు 6 గంటలు ప్రాజెక్టుకు దొరుకుతాయనుకుంటే 306 గంటలు. 560 అనుకుని పని ఒప్పుకున్నాం, చేతిలో 306 ఉన్నాయి. సగానికి కాస్త ఎక్కువ. ఇందులో ఎవరూ బద్ధకించలేదు, ఎవరికీ జ్వరం కూడా రాలేదు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ సంగతి. ప్లాన్‌లు వేసే టూల్ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో స్టాండర్డ్ క్యాలెండర్ అని ఒకటి తయారుగా వస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా, మధ్యలో గంట భోజనం. అందులో సంక్రాంతి లేదు, జూలై 4 కూడా లేదు. ఒక్క సెలవు కూడా ఉండదు. ఎవరో ఒకరు ‘చేంజ్ వర్కింగ్ టైమ్’ తెరిచి ఒక్కో తేదీనీ ఎక్సెప్షన్‌గా వేయాలి. ఆఫీసు మొత్తానికి వర్తించే సెలవులు ప్రాజెక్ట్ క్యాలెండర్‌లో, మనిషి సొంత సెలవులు ఆ మనిషి రిసోర్స్ క్యాలెండర్‌లో. ఇలా వేస్తే టాస్క్ తనంతట తానే ఆ రోజులను దాటుకుని ముందుకు జరుగుతుంది. ఒకసారి వేస్తే చాలు.

కానీ ఎక్కువమంది చేసేది ఇది కాదు. ప్లాన్‌లోనే ‘రమేష్ లీవ్ - 5 రోజులు’ అని ఒక టాస్క్ వేస్తారు. గాంట్ చార్ట్‌లో (పనులను తేదీల వారీగా గీతలుగా చూపే పటంలో) అందరికీ కనబడుతుంది కదా అంటారు. కనబడుతుంది నిజమే. కానీ దానితో ప్రాజెక్ట్ మొత్తం పనిగంటల్లో 40 గంటలు పెరిగాయి. రేటు పెట్టి ఉంటే రమేష్ ఊళ్లో గాలిపటాలు ఎగరేసిన ఖర్చు కూడా ప్రాజెక్ట్ బడ్జెట్‌లో చేరింది. అంతకన్నా ప్రమాదం, ముందు పని అయ్యాకే మొదలయ్యేలా దాన్ని ఏ టాస్క్‌కైనా లింక్ చేశారంటే (దీన్నే డిపెండెన్సీ అంటారు), ముందు పని రెండు రోజులు ఆలస్యమైతే రమేష్ సెలవు కూడా రెండు రోజులు ఆలస్యమవుతుంది! పండగను డిపెండెన్సీ చేసిన ఘనత మనది. సెలవు అంటే పని కాదు, పనికి చోటు లేకపోవడం. టూల్‌లో దానికి వేరే చోటు ఇచ్చింది అందుకే.

ఇంకొందరు తెలివిగా, రోజుకు 6 గంటలే దొరుకుతాయి కదా అని క్యాలెండర్‌లో పనివేళలనే 6 గంటలకు తగ్గిస్తారు. ఆలోచన మంచిదే. అయితే ఆప్షన్స్‌లో ‘అవర్స్ పర్ డే’ అని వేరే ఒక సెట్టింగ్ ఉంది, అది 8 దగ్గరే ఉండిపోతుంది. అప్పుడు మీరు ‘1 రోజు’ అని రాసిన టాస్క్ 8 గంటల టాస్క్ అవుతుంది. ఇవాళ 6 గంటలు, రేపు 2 గంటలు. ప్రతి ఒకరోజు పనీ మర్నాటిలోకి పొర్లుతుంటే టూల్ చెడిపోయిందని ఐటీ సపోర్ట్‌కు టికెట్ వేసినవాళ్లున్నారు. రెండింటినీ కలిపి మార్చాలి, లేదా మనిషి మ్యాక్స్ యూనిట్స్‌ను, అంటే తన సమయంలో ప్రాజెక్టుకు ఇవ్వగలిగే వాటాను, 75 శాతానికి దించాలి. అది కూడా మొదట్లోనే చేయాలి. పని అప్పగించాక యూనిట్స్ దించితే ఉన్న టాస్క్‌లు ఏమీ మారవు, ఆ పేరు ఎర్రగా మారుతుందంతే. ఆ ఎరుపును చూసీచూడనట్టు పోవడం మనకు బాగా అలవాటు.

టాస్క్‌కు విడిగా క్యాలెండర్ పెట్టినప్పుడు ‘షెడ్యూలింగ్ ఇగ్నోర్స్ రిసోర్స్ క్యాలెండర్స్’ అని ఒక చిన్న టిక్కు పెట్టె కూడా వస్తుంది. సర్వర్ మైగ్రేషన్ లాంటి రాత్రి పనులకు దానితో అవసరం ఉండొచ్చు. తేదీ కుదరడం లేదని మిగతా పనులకూ ఆ టిక్కు కొట్టారంటే, ఎంతో ఓపిగ్గా వేసిన సెలవులన్నీ ఆ టాస్క్‌కు లేనట్టే.

పనిని స్ప్రింట్లుగా విడదీసుకుని చేసే ఎజైల్ టీమ్‌ల పరిస్థితి వేరు. వాళ్లు వాడే టూల్స్‌లో ఒకటైన అజ్యూర్ డెవాప్స్‌లో ప్రతి స్ప్రింట్‌కూ కెపాసిటీ అని ఒక పేజీ ఉంది. మనిషికి రోజుకు ఎన్ని గంటలు, ఏయే రోజులు సెలవు, టీమ్ మొత్తానికి ఏయే రోజులు సెలవు, మూడూ అక్కడే వేయొచ్చు. నాకు నచ్చిన డిజైన్. ఒక్క చిక్కుంది: కిందటి స్ప్రింట్ నుంచి కెపాసిటీ కాపీ చేస్తే గంటలు వస్తాయి, సెలవులు రావు. రాకపోవడమే న్యాయం, తేదీలు వేరు కదా. కానీ కాపీ కొట్టినవాళ్లు అంతా వచ్చేసిందనుకుంటారు. జీరా అనే ఇంకో టూల్ బోర్డులోనైతే పనిచేయని రోజులను బోర్డు మొత్తానికి పెట్టొచ్చు, అప్పుడు ఇంకా ఎంత పని మిగిలిందో చూపే బర్న్‌డౌన్ గీత కొంత నిజం చెబుతుంది. మనిషికి విడిగా సెలవు పెట్టాలంటే మామూలు బోర్డులో చోటు లేదు, పైన ఇంకేదో తగిలించుకోవాలి.

మరి సెలవు మంజూరయ్యేది వీటిలో దేనిలోనూ కాదు, హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లో. కేకా, డార్విన్‌బాక్స్ రెండూ మన హైదరాబాద్‌లో పుట్టినవే. సెలవు అడగడం, ఇవ్వడం, మిగిలినవి లెక్క చూడటం ఇవాళ ఫోన్లో రెండు నిమిషాల పని. ఆ సమాచారం ప్రాజెక్ట్ టూల్‌కు చేరే దారి మాత్రం చాలా ఆఫీసుల్లో ఇంకా మనిషే. లీడ్ ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో అడిగి, ఎక్సెల్‌లో రాసి, అందులోంచి ప్లాన్‌లోకి ఎక్కించాలి. మూడుచోట్ల రాయాల్సినది మూడోచోట రాయడం మానేస్తారు. ఆ మూడోది ఎప్పుడూ ప్లానే.

హెచ్ఆర్ టూల్‌ను ప్లాన్‌కు కలిపేసినా సగం సమస్యే తీరుతుంది. సంక్రాంతి సెలవు ఖాయమయ్యేది లీవ్ అప్లై చేసిన రోజున కాదు, రైలు రిజర్వేషన్ తెరిచిన రోజున. 2024 నవంబర్ 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. జనవరి 13 ప్రయాణానికి నవంబర్ మధ్యలో బుకింగ్ తెరుస్తారు. గోదావరి, గౌతమిల్లో బెర్తు కోసం ఆ ఉదయం 8 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లకు అప్పుడే తెలుసు తాము ఏ రోజు ఉండరో. ఆఫీసుకు తెలిసేది జనవరి మొదటి వారంలో. మధ్యలో ఏడు వారాలు ఆ సమాచారం టీమ్‌లోనే తిరుగుతూ ఉంటుంది. ఈలోగా జనవరి స్ప్రింట్‌కు తేదీలు ఇచ్చేస్తాం.

ముందే ఎందుకు చెప్పరు? చెబితే వద్దంటారని. ‘జనవరిలో రిలీజ్ ఉంది, చూద్దాంలే’ అన్న మాట ఒకసారి విన్నవాళ్లు రెండోసారి నోరు విప్పరు. ఈసారి టికెట్ కన్ఫర్మ్ అయ్యాక, ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పేశాక, ఇక కాదనలేని స్థితిలో లీవ్ పెడతారు. అందుకే, సెలవులు ప్లాన్‌లోకి రావాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న ప్రశ్న రెండోది. ముందే చెప్పినవాడికి నష్టం జరగదన్న నమ్మకం మొదటిది. నవంబర్‌లో ఎవరైనా ‘జనవరి 12 నుంచి 17 దాకా ఉండను’ అంటే ‘థాంక్స్’ అని క్యాలెండర్‌లో వేసుకోవడం తప్ప ఇంకో మాట అనకూడదు. బేరాలుంటే ఆ వారం ఎంత పని పెట్టుకోవాలన్నదాని మీద ఉండాలి.

ఇదే పని అవతలి వైపుకూ చేయాలి. అమెరికా క్లయింట్‌కు నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, మర్నాడు శుక్రవారం కూడా ఎవరూ ఉండరు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సైన్ఆఫ్ ఇచ్చే, అంటే పని సరే అని సంతకం పెట్టే, మనిషి దొరకడు. మన ప్లాన్‌లో ‘యూఏటీ సైన్ఆఫ్ - 2 రోజులు’ అని ఉంటుంది (యూఏటీ అంటే క్లయింట్ వైపు వాళ్లు చేసే ఆఖరి పరీక్ష), దానికి ఎవరి పేరూ ఉండదు. ఆ సంతకం పెట్టే మనిషిని కూడా ఒక రిసోర్స్‌గా వేసి, అమెరికా సెలవుల క్యాలెండర్ తగిలిస్తే ఆ రెండు రోజులు నిజంగా ఎక్కడ పడతాయో తెలుస్తుంది. బోనాలకు మనకు సెలవని వాళ్లకు తెలియకపోవడంలో వింత లేదు. కానీ వాళ్ల సెలవులు మనకు కంఠతా వచ్చు, అయినా ప్లాన్‌లో వేయం.

ఇక రెండో రకం, అంటే సీట్లో ఉండి చేసే వేరే పనులు. ఇది సెలవుల కన్నా చిక్కైన వ్యవహారం, ఎందుకంటే దీనికి తేదీ ఉండదు. క్యాంపస్ ఇంటర్వ్యూలకు పిలుస్తారు. పక్క ప్రాజెక్టులో ఎవరో రాజీనామా చేస్తే కేటీ తీసుకోమంటారు, అంటే వాళ్ల పని నేర్చుకోమంటారు. అప్రైజల్ ఫారాలు, తప్పనిసరి ట్రైనింగులు, ఆడిట్‌కు పత్రాలు, కొత్త బిడ్‌కు ‘ఒక్క గంట చూసి పెట్టు’. వీటిలో దేన్నీ పని కాదనలేం. కంపెనీ నడవాలంటే ఇవన్నీ ఎవరో ఒకరు చేయాల్సిందే. మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రాజెక్ట్ సర్వర్‌లో వీటికి అడ్మినిస్ట్రేటివ్ టైమ్ అని వర్గాలు పెట్టారు. తయారుగా వచ్చేవి మూడు: అడ్మినిస్ట్రేటివ్, సిక్ టైమ్, వెకేషన్. ఒక్కోటి పని కిందికి వస్తుందా, పనికానిదా అని కూడా చెప్పొచ్చు. మంచిదే. కానీ శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ నింపేటప్పుడు మన చేయి ఆ గడుల వైపు పోదు.

కారణం అందరికీ తెలిసిందే. చాలా సర్వీసెస్ కంపెనీల్లో యుటిలైజేషన్ శాతం, అంటే ఉద్యోగుల సమయంలో క్లయింట్ పనికి పోయిన వాటా, మూడు నెలలకోసారి ఫలితాలతో పాటు బయటికి చెప్పే అంకె. ఆ అంకె కిందికి కిందికి జారుతూ వచ్చి చివరికి ఒక ఉద్యోగి టైమ్‌షీట్ మీద కూర్చుంటుంది. నాన్-బిల్లబుల్ (క్లయింట్‌కు బిల్లు వేయని) కోడ్‌లో ఆరు గంటలు వేస్తే ‘ఎందుకు?’ అని మెయిల్ వస్తుంది. ప్రాజెక్ట్ కోడ్‌లో వేస్తే రాదు. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? సోమవారం 8, మంగళవారం 8, బుధ, గురు, శుక్రవారాలు కూడా 8. ఇంటర్వ్యూలు తీసుకున్న మధ్యాహ్నమంతా ఏదో ఒక టాస్క్ ఖాతాలో పడుతుంది. ఆరు నెలల తర్వాత ఇంకో ప్రాజెక్ట్ ఎస్టిమేషన్ కోసం పాత లెక్కలు తీస్తే ‘రిపోర్ట్ స్క్రీన్ - 46 గంటలు’ అని ఉంటుంది. అందులో స్క్రీన్‌కు పట్టింది ఎంతో, ఇంటర్వ్యూలకు పోయింది ఎంతో ఎవరికీ తెలియదు. కొత్త క్లయింట్ ‘ఒక్క స్క్రీన్‌కు 46 గంటలా?’ అని అడుగుతాడు. సమాధానం ఉండదు. నాన్-ప్రాజెక్ట్ సమయాన్ని దాచి యుటిలైజేషన్‌ను కాపాడుకున్నామని సంతోషిస్తాం, చెడింది ఎస్టిమేషన్ అని గమనించం.

కాంప్ఆఫ్‌ది, అంటే సెలవు రోజున చేసిన పనికి బదులుగా ఇచ్చే సెలవుది, ఇంకో కథ. శని, ఆదివారాల్లో రిలీజ్ ఉంటుంది, నలుగురు రాత్రంతా ఉంటారు. చాలా టైమ్‌షీట్లు వారానికి 40కి మించి తీసుకోవు కాబట్టి ఆ గంటలు ఎక్కడా నమోదు కావు. బదులుగా ‘తర్వాత ఎప్పుడైనా కాంప్ఆఫ్ తీసుకోండి’ అని నోటిమాట. ఇది అచ్చంగా చేబదులు లాంటిది. ఇచ్చినవాడికి గుర్తుంటుంది, తీసుకున్నవాడు మర్చిపోతాడు. వచ్చే స్ప్రింట్‌లో ఇద్దరు ఒకేసారి ఆ రోజులు అడిగితే ‘ఇప్పుడే కావాలా?’ అంటాం. రిలీజ్ వారాంతం ప్లాన్‌లో ఉంటే, దాని వెనకే వచ్చే కాంప్ఆఫ్ కూడా అదే రోజున క్యాలెండర్‌లో పడాలి. ఈ రెండూ ఒకే లావాదేవీలో రెండు వైపులు. ఒకటే రాయడం దొంగలెక్క.

ఇంత లెక్క పెడితే అది నిఘా కాదా అని నా స్నేహితులు కొందరు అడుగుతారు. అవుతుంది, చేయకూడని చోట చేస్తే. టీ తాగిన పదిహేను నిమిషాలకు కోడ్ పెట్టే సంస్థల మీద నాకూ గౌరవం లేదు. నాకు కావలసింది మనిషి గంటల చిట్టా కాదు, టీమ్ వాటా. రోజులో రెండు గంటలు వేరే పనులకు పోతున్నాయంటే ఆ రెండు గంటలను ముందే తీసేసి 6 గంటలతో ప్లాన్ చేయాలి. ఏ రెండు గంటలో, ఎవరివో అడగనక్కర్లేదు. పెద్దవి, అంటే వారం రోజుల ట్రైనింగ్, మూడు వారాల కేటీ లాంటివి మాత్రం పేరు పెట్టి కనబడాలి. మధ్యరకం అన్నింటికీ ఒక్క కోడ్ చాలు. కోడ్‌లు ఇరవై పెడితే జనం మొదటిది ఎంచుకుంటారు.

జబ్బు సెలవును ప్లాన్‌లో మనిషి పేరుతో ముందే రాయలేం, రాయకూడదు కూడా. టీమ్‌కు నెలకు ఇన్ని రోజులని సగటున తీసి పక్కన పెట్టడమే దారి. ముందే తెలిసినవైనా కారణం ప్లాన్‌లోకి రాకూడదు. ప్రసూతి సెలవు 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. ప్లాన్‌ను కుదిపేసేంత పెద్ద గడువు, తప్పకుండా ముందే లెక్కలో ఉండాలి. కానీ ఆ ప్లాన్ క్లయింట్ కూడా చూస్తాడు. తన కడుపులో బిడ్డ సంగతి ఒక అమ్మాయి ఇంకా అత్తగారింట్లోనే చెప్పి ఉండకపోవచ్చు, మనం గాంట్ చార్ట్‌లో వేసి న్యూజెర్సీకి పంపేస్తే ఎలా? అక్కడ ఉండాల్సింది ‘అందుబాటులో లేరు’ అన్న మాట, తేదీలు, అంతే. హెచ్ఆర్ టూల్ నుంచి ప్లాన్‌కు సమాచారం ఆటోమేటిక్‌గా పంపే ఏర్పాటు చేసేవాళ్లు మొదట ఆపాల్సింది సెలవు రకం అన్న గడిని.

చివరికి మిగిలే అభ్యంతరం ఒకటే, అది డెలివరీ హెడ్‌ల దగ్గర్నుంచి వస్తుంది. ‘560 చోట 306 చూపిస్తే బిడ్ పోతుంది, పక్క కంపెనీ వాడు 560 చూపిస్తాడు.’ ఇందులో కొంత నిజముంది. కానీ పక్క కంపెనీ వాళ్ల దగ్గర పనిచేసేదీ ఇవే ఊళ్ల పిల్లలే, వాళ్లూ అదే టోల్‌గేట్ దాటాలి. వాళ్లకూ దొరికేది 306 గంటలే. మిగిలిన 254ను వాళ్లు శనివారాల్లోంచి తీస్తారు, లేదా నాణ్యతలోంచి, లేదా మార్చిలో ‘రివైజ్డ్ ప్లాన్’ అనే మెయిల్‌తో. గట్టి క్లయింట్లు ఈ ఆట ఎప్పుడో చూసేశారు. బిడ్‌లో 2080 బదులు 215 రోజులని రాసి, పండగల తేదీలు, వాళ్ల సెలవుల తేదీలు అనుబంధంగా పెట్టి, ‘జనవరి రెండో, మూడో వారాల్లో కొత్త పని తీసుకోం, బగ్స్ మాత్రమే చూస్తాం’ అని రాసిన ప్రతిపాదన బల్ల మీద పడితే క్లయింట్ అడిగే మొదటి ప్రశ్న రేటు గురించి ఉండదు. ‘మరి ఆ రెండు వారాల్లో సపోర్ట్‌కు ఎవరుంటారు?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మన క్యాలెండర్‌లో ఇద్దరి పేర్లు సిద్ధంగా ఉండాలి, వాళ్ల కాంప్ఆఫ్ తేదీలతో సహా.